శాస్త్రజ్ఞుడికి ఏ నీడ మేలు: పోపుదా, లూథర్‌దా?

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని చెప్పి, 1543లో న్యూరెంబర్గ్‌లో అచ్చయిన కోపర్నికస్ గ్రంథాన్ని ఏ మతం ఖాతాలో వేయాలి? రాసినాయన ఫ్రాంబోర్క్ క్యాథలిక్ కెథీడ్రల్ వ్యవహారాలు చూసే అధికారుల్లో ఒకడు. అచ్చు వేయించమని వెంటపడినవాడు రెటికస్. ఈ కుర్రాడు విట్టెన్‌బెర్గ్‌లో, అంటే పోపును ధిక్కరించి ప్రొటెస్టంట్ ఉద్యమానికి నాంది పలికిన లూథర్ పాఠాలు చెప్పిన యూనివర్సిటీలోనే లెక్కల మాస్టారు. అచ్చయింది లూథరన్ పట్నంలో. అంకితం మాత్రం పోపు మూడవ పాల్‌కి. ఇక 'ఇదంతా లెక్క కుదరడానికి చేసిన ఊహ, నిజమని నమ్మక్కర్లేదు' అంటూ పేరు పెట్టకుండా ముందుమాట చేర్చింది ఒసియాండర్ అనే లూథరన్ పాస్టర్.

అయినా ఇప్పటికీ చాలామంది ఒకటే మాట చెబుతారు: 1517లో లూథర్ తిరుగుబాటుతో మనుషులకు ఆలోచించే స్వేచ్ఛ వచ్చింది, అందుకే ప్రొటెస్టంట్ దేశాల్లో సైన్సు పెరిగింది, క్యాథలిక్ దేశాల్లో అణిగిపోయింది. 1938లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ దీన్ని కొంచెం జాగ్రత్తగా, ఇంగ్లండ్‌లోని ప్యూరిటన్లనే కఠిన ప్రొటెస్టంట్ల వరకే పరిమితం చేసి వాదించాడు. దానిమీద చర్చ నేటికీ తెగలేదు. నా మటుకు నాకు ఏ మతం అన్నదాని కంటే, ఏ సంవత్సరం, ఏ ఊరు అన్నది ముందు అడగాలనిపిస్తుంది.

1616 దాకా చూస్తే క్యాథలిక్ వైపే తూకం కాస్త మొగ్గుతుంది. కోపర్నికస్ పుస్తకం వచ్చాక 73 ఏళ్ల పాటు రోమ్ దాన్ని నిషేధించలేదు. 1582లో పోపు 13వ గ్రెగరీ క్యాలెండర్ సరిచేయించాడు. అక్టోబర్ 4 తర్వాతి రోజు 15 అయింది. ఆ లెక్కలను వివరించి, విమర్శలకు జవాబు చెప్పినవాడు క్లావియస్ అనే జెసూట్ (ఒక క్యాథలిక్ మఠ సంఘం) గురువు. ప్రొటెస్టంట్లు ఏం చేశారు? పోపు చెప్పాడు కాబట్టి వద్దన్నారు. జర్మనీలోని ప్రొటెస్టంట్ రాజ్యాలు 1700 దాకా, బ్రిటన్ 1752 దాకా పాత తప్పు తేదీలతోనే బండి లాగించాయి. లూథరన్ అయిన ఖగోళవేత్త కెప్లర్ మాత్రం కొత్త క్యాలెండరే సరైనదని వాదించాడు.

కెప్లర్ జీవితం చదివితే ఈ పోలిక ఎంత చిక్కుదో తెలుస్తుంది. గ్రాట్జ్‌లో పంతులుద్యోగం చేస్తుంటే, 1600లో క్యాథలిక్ ప్రభువు ఫెర్డినాండ్ మతం మారనివాళ్లను ఊరు విడిచి పొమ్మన్నాడు. కెప్లర్ మారలేదు, పోయాడు. తను చదువుకున్న లూథరన్ ట్యూబింగెన్ యూనివర్సిటీ ఉద్యోగం ఇవ్వలేదు. ఇచ్చినవాడు ప్రాగ్‌లోని క్యాథలిక్ చక్రవర్తి రుడాల్ఫ్. 1609లో, అంగారకుడి దారి వృత్తం కాదు దీర్ఘవృత్తం అని చెప్పిన పుస్తకం ఆ కొలువులో ఉండగానే వచ్చింది. తర్వాత లింజ్ వెళ్తే అక్కడి లూథరన్ పాస్టర్ ప్రభు రాత్రి భోజనం (చర్చిలో పంచే రొట్టె, ద్రాక్షరసం) ఇవ్వనన్నాడు. కారణం గ్రహాలు కాదు, ఒక సిద్ధాంత పత్రం మీద పూర్తి మనసుతో సంతకం పెట్టకపోవడం. లూథరన్ వుర్టెంబర్గ్‌లో అతని తల్లి మీద మంత్రగత్తె అని కేసు పెట్టారు. ముసలావిడను పధ్నాలుగు నెలలు జైల్లో ఉంచారు, కొడుకే స్వయంగా వాదించి 1621లో విడిపించుకున్నాడు. ఇటు రోమ్ 1619లో అతని పాఠ్యపుస్తకాన్ని నిషిద్ధ గ్రంథాల జాబితాలో చేర్చింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

మరి గెలీలియో? భూమి తిరుగుతోందని వాదించినందుకు రోమ్ అతన్ని దోషిగా తేల్చిన 1633 తీర్పు సంగతి అందరికీ తెలుసు. ఆ తీర్పు ఎంత దూరం పాకిందో గమనించండి. విచారణాధికారుల ద్వారా అది ఇటలీ అంతటా వెళ్లింది. క్యాథలిక్ అయిన ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ అప్పుడు హాలండ్‌లో ఉన్నాడు. అక్కడ అతన్ని ఎవరూ ముట్టుకోలేరు, అయినా వార్త విని తన పుస్తకం అచ్చు ఆపేసుకున్నాడు. తేడా ఇక్కడ ఉంది. ప్రొటెస్టంట్ చర్చిలు మెత్తనివేమీ కావు. 1553లో సెర్వెటస్ అనే వైద్యుణ్ణి ప్రొటెస్టంట్ జెనీవాలో బతికుండగానే కాల్చారు. ఊపిరితిత్తుల గుండా రక్తం తిరిగే తీరు రాసింది ఆయనే. చంపింది రక్తం గురించి రాసినందుకు కాదు, త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న నమ్మకాన్ని, కాదన్నందుకు. 1642లో హాలండ్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీ డెకార్ట్ తత్వాన్ని ఖండించింది. కానీ ఉట్రెక్ట్ మాట ఉట్రెక్ట్ పొలిమేర దాటదు. ప్రొటెస్టంట్ల దగ్గర అందరి మీదా పెత్తనం చేసే రోమ్ లేదు. అందుకే గృహనిర్బంధంలో ఉన్న గెలీలియో చివరి గొప్ప పుస్తకం 1638లో హాలండ్‌లోని లైడెన్‌లో అచ్చయింది. సంస్కర్తలు కోరి ఇచ్చిన స్వేచ్ఛ కాదది, వాళ్లలో వాళ్లకు పడకపోవడం వల్ల దక్కింది.

రెండింటికీ మధ్య ఇంకో దారి ఉండేది: పడువా. వెనిస్ ఏలుబడిలో ఉన్న క్యాథలిక్ యూనివర్సిటీ ఇది, పోపుకు అంతగా లొంగేది కాదు. ఒళ్లంతా రక్తం తిరిగే తీరు వివరించిన ప్రొటెస్టంట్ ఇంగ్లీషువాడు హార్వే 1602లో డాక్టర్ పట్టా పుచ్చుకున్నది ఇక్కడే. గెలీలియో 18 ఏళ్లు పాఠాలు చెప్పిందీ ఇక్కడే. 1610లో క్లాసుల బెడద లేని జీతం కోసం ఫ్లోరెన్స్ వెళ్లిపోయాడు. వెళ్లాక స్నేహితుడు సాగ్రెడో ఉత్తరం రాసి హెచ్చరించాడు. వెళ్లకపోతే కథ మారేదేమో.

ఇంగ్లండ్‌కు మాత్రం నేను పూర్తి మార్కులు వేయను. కేంబ్రిడ్జ్‌లో ప్రొఫెసర్‌గా ఉంటూ మతగురువు దీక్ష తీసుకోకుండా ఉండటానికి న్యూటన్‌కు 1675లో రాజుగారి మినహాయింపు కావాల్సి వచ్చింది. త్రిత్వం మీద తనకున్న అపనమ్మకాన్ని జీవితాంతం దాచుకున్నాడు. దాచుకోలేని విస్టన్, న్యూటన్ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాడే, 1710లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

కాబట్టి నా ఎంపిక ఇది. 1600లో అయితే పడువా. 1640లో భూమి తిరుగుతోందని బాహాటంగా రాయాలనుకుంటే లైడెన్. ఆ మాట అనకుండా కొలతలు తీసుకుంటే చాలనుకునేవాడికి పోపు రాజ్యంలోని బొలోన్యా కూడా బాగానే ఉండేది. 1655లో ఖగోళవేత్త కస్సీని అక్కడి సాన్ పెట్రోనియో చర్చి నేల మీద సుమారు 67 మీటర్ల గీత వేసి, కప్పులోని రంధ్రం నుంచి పడే సూర్యబింబాన్ని కొలిచాడు. ఆ కొలతలు కెప్లర్ లెక్కకే బలమిచ్చాయి. జీతం ముఖ్యమైతే 1666 తర్వాత పారిస్. లండన్ రాయల్ సొసైటీలో సభ్యులే చందా కట్టుకోవాలి, పారిస్ అకాడమీలో రాజు జీతమిచ్చేవాడు. డచ్ ప్రొటెస్టంట్ శాస్త్రజ్ఞుడు హైగెన్స్ ఆ జీతం మీదే పదిహేనేళ్లు గడిపాడు. కానీ 1685లో 14వ లూయీ ప్రొటెస్టంట్ల హక్కులు రద్దు చేశాడు. అప్పటికే అనారోగ్యంతో ఇంటికి వెళ్లిన హైగెన్స్ మళ్లీ ఆ కొలువుకు రాలేదు.