విజయనగరం మెస్సులో చింతచిగురు పప్పు

విజయనగరంలో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వెళ్లే దారికి పక్కనున్న ఒక సందులో, ఒక కుటుంబం తమ ఇంటి ముందు గదుల్లోనే మెస్సు నడుపుతోంది. దానికి బోర్డు లేదు. మధ్యాహ్నం పన్నెండు దాటాక సందు మొదట్లో వరుసగా నిలబడే మోటారు సైకిళ్లే గుర్తు. ఏడాదిలో చాలా నెలలు అది ఊళ్లోని మిగతా మెస్సుల లాంటిదే. కూరలు శుభ్రంగా ఉంటాయి, చారు కొంచెం పలుచన, పెరుగు గట్టిది. ఫాల్గుణం చివర్లో చింతచెట్లు చిగురు వేసినప్పటి నుంచి వేసవి ముగిసే దాకా మాత్రం, అక్కడ వండే చింతచిగురు పప్పు కోసం ఊరి రెండో చివర నుంచి ఎండలో పడి వచ్చినా ఫరవాలేదని నా అభిప్రాయం. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ పప్పు గురించే.

చింతచిగురు పప్పు అని పేరు పెట్టి చాలా హోటళ్లలో వడ్డించేది నిజానికి చింతపండు పులుసు పోసిన పప్పే. అందులో చిగురు పేరుకు పిడికెడు కనిపిస్తుంది. ఆ పులుపు గొంతు దగ్గర పట్టుకుంటుంది, పప్పు రంగు నల్లబడుతుంది, రెండో ముద్దకే మొహం మొత్తుతుంది. ఈ మెస్సులో పులుపంతా చిగురుదే. నాలుక మీద ముందు పులుపు తగిలి, దాని వెనుక సన్నటి వగరు వచ్చి, ఆ వగరు ఎక్కువసేపు నిలవకుండా కందిపప్పు కమ్మదనంలో కలిసిపోతుంది. విస్తట్లో వేడన్నం మీద వేసినప్పుడు పచ్చని పప్పు మధ్య చిగురు కాస్త గోధుమ ఛాయకు తిరిగి ముద్దలు కట్టకుండా విడివిడిగా కనిపిస్తుంది. పప్పు బద్ద పూర్తిగా మెత్తబడినా గుజ్జుగా చిదిమిపోదు. వేళ్లతో కలిపితే అన్నానికి పట్టుకుంటుంది, జారిపోదు.

ఇది ఎలా సాధ్యమవుతోందో తెలుసుకోవాలని, భోజనాల రద్దీ తగ్గాక వంట చేసే పెద్దావిడను అడిగాను. ఆవిడ విసుగు లేకుండా వంటింట్లోకి పిలిచి, మర్నాటి కోసం చేటలో పోసి ఉంచిన చిగురును చూపించారు. చిగురును నీళ్లలో జాడించి, పాతచీర మీద నీడలో ఆరబెట్టి, తడి పోయాక అరచేతుల మధ్య నలుపుతారు. నలిపిన తరువాత చేటలో చెరిగితే సన్నటి ఈనెలు, పుల్లలు వేరై పైకి తేలుతాయి, మెత్తటి రెబ్బలు అడుగున మిగులుతాయి. ఈ పనిలో తొందరపడితే తినేటప్పుడు ప్రతి ముద్దకూ పీచు పళ్లలో ఇరుక్కుంటుంది. ముదిరిన ఆకును ఆవిడ ఆ చేటలోనే ఏరి పారేస్తున్నారు. అది వగరెక్కి పప్పును పాడుచేస్తుందన్నారు.

చిగురును పప్పుతో పాటే కుక్కరులో వేయరా అని అడిగితే, "ముందేసేత్తే పప్పు బద్ద ఉడకదు బాబూ, బిర్రబిగిసిపోతాది" అన్నారు. ఈ మాటలో గట్టి శాస్త్రం ఉంది. చింతచిగురులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. పప్పు బద్దలోని కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే పెక్టిన్ పులుపు తగిలిన నీళ్లలో సులువుగా కరగదు కనుక, ఎంతసేపు ఉడికించినా బద్ద మధ్యలో పలుకు మిగిలిపోతుంది. అందుకే ఆవిడ కందిపప్పును చిటికెడు పసుపుతో విడిగా మెత్తగా ఉడికించుకుంటారు. ఇంకొక మూకుడులో కొద్దిగా నూనె వేసి, చీల్చిన పచ్చిమిరపకాయలతో చిగురును పచ్చివాసన పోయేదాకా మగ్గబెట్టి, అప్పుడు ఉడికిన పప్పులో కలిపి, ఉప్పు వేసి, సన్నటి సెగ మీద ఒక్క ఉడుకు రానిస్తారు. గ్లాసు పప్పుకు, అదిమి కొలవకుండా, రెండు గ్లాసుల నలిపిన చిగురు అన్నది ఆవిడ కొలత. ఇంట్లో వండుకునేవారికి కూడా ఇది సరిపోయే పాళ్లే. పులుపు తక్కువ తినేవారు చిగురును ఒకటిన్నర గ్లాసులకు తగ్గించుకోవచ్చు.

పోపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు, చివర్లో ఇంగువ. వెల్లుల్లి అంచులు ఎర్రబడగానే మూకుడు దించి, పోపును పప్పులో వేసి వెంటనే మూత పెడతారు. మూత తీసినప్పుడు వచ్చే వాసనలో వెల్లుల్లి, చిగురు రెండూ తెలుస్తాయి, ఒకటి రెండోదాన్ని మింగేయదు. పక్కన నంజుకోవడానికి ఇచ్చే ఊరమిరపకాయలు కరకరలాడుతూ వేగి ఉంటాయి; అడిగితే రెండోసారి కూడా వేస్తారు. పప్పు మీద వేసే నెయ్యి మాత్రం పేరుకే ఉంటుంది, ఆ విషయంలో వారు చేయి కొంచెం పెద్దది చేసుకోవాలి.

ఈ ఊరికి చింతచెట్టుతో ఉన్న అనుబంధం వంటింటితో ఆగదు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి జాతరలో పూజారి కూర్చుని ఊరేగే సిరిమాను కూడా చింతమానే. అలాంటి ఊళ్లో చింతచిగురు పప్పు ఇంత అరుదుగా, ఇంత అశ్రద్ధగా దొరకడం నాకు బాధ కలిగించేది, అందుకే ఈ మెస్సును చూసి ఇంత సంతోషం.

లోపాలు కూడా రాయాలి. ఒంటిగంటన్నర దాటాక వెళితే మొదటి వాయి పప్పు అయిపోతుంది. అప్పుడు మిగిలినదానిలో వేడినీళ్లు పోసి, పులుపు చాలదని చింతపండు రసం కలిపి వడ్డించడం గమనించాను. దానిలో పైన చెప్పిన గుణాలు ఏవీ ఉండవు. ఇంత శ్రద్ధగా వండేవారు ఆ పని చేయకూడదు. పప్పు అయిపోయిందని చెప్పి టమాటా పప్పో, దోసకాయ పప్పో వడ్డిస్తే ఎవరూ నొచ్చుకోరు. పార్సిలు కట్టేటప్పుడు కాగే పప్పును పల్చటి ప్లాస్టిక్ సంచిలో పోస్తున్నారు, ఇది ఆరోగ్యానికి మంచిది కాదు, రుచికీ మంచిది కాదు. స్టీలు క్యారియరు తీసుకువెళితే అభ్యంతరం చెప్పకుండా నింపి ఇస్తారు, పైగా కొలత కూడా కాస్త ఎక్కువే పడుతుంది. కూర్చునే చోటు ఇరుకు. వయసు మళ్లినవారు పన్నెండున్నర లోపు వెళ్లడం మేలు.

వానాకాలం నుంచి చలికాలం దాకా వారు ఎండబెట్టి దాచిన చిగురుతో అప్పుడప్పుడు ఇదే పప్పు చేస్తారు. ఎండు చిగురులో పులుపు నిలుస్తుంది గానీ పచ్చి చిగురు పరిమళం చాలావరకు పోతుంది. ఆ పప్పు చెడ్డదేమీ కాదు, కానీ మొదటిసారి వెళ్లేవారు దానితో మొదలుపెట్టకుండా చైత్ర వైశాఖాల దాకా ఆగాలి. ఈలోగా వెళ్లేవారికి అక్కడి దోసకాయ పప్పు బాగుంటుంది.