స్ట్రైపర్ కోసం రాళ్లు దిగేవాళ్లకి స్పైక్ చెప్పులు: ఒక సీజన్ వాడాక

రోడ్ ఐలాండ్‌లో నారగాన్‌సెట్ రాళ్ల మీద మే చివర్లో మొదలుపెట్టి నవంబర్ మొదటి వారం దాకా ఈ స్పైక్ చెప్పులతోనే స్ట్రైపర్ (ఒంటి మీద చారలుండే బాస్ అనే సముద్రపు చేప) పట్టాను. వారానికి ఒకటి రెండు రాత్రులు, మొత్తం ముప్పై సార్లు పైనే అయ్యుంటుంది. ఇవి బూటు మీద కట్టుకునే రకం, అంటే మామూలు వేడర్ (నీళ్లలో దిగడానికి వేసుకునే, తడవని ప్యాంటు) బూటు వేసుకుని దాని కింద ఈ మందపాటి రబ్బరు అట్ట పెట్టి పట్టీలతో బిగించుకోవాలి, అట్ట అడుగున కార్బైడ్ (చాలా గట్టి లోహపు పదార్థం) మొనలున్న మేకులు ఉంటాయి. 70 డాలర్లు దాటింది. కాళ్ల కింద కట్టుకునేదానికి ఇంత పెట్టాలా అని రెండేళ్లు వాయిదా వేశాను, అదే డబ్బుకి నాలుగింతలు పెట్టి రీల్ మాత్రం కొన్నాను.

ఆ రెండేళ్లలో పాయింట్ జూడిత్ దగ్గర ఒకసారి రబ్బరు బూట్లతో జారి మోకాలు చిట్లింది, రాడ్ కొస విరిగింది. పక్కన ఉన్న మా బావమరిది చెయ్యి పట్టుకుని లాగి "బావా, చేప సంగతి తర్వాత, ముందు పైకి రా" అన్నాడు. మర్నాడే వీటిని ఆర్డర్ చేశాను.

ఈ తీరం గులాబీ ఛాయ ఉన్న గ్రానైట్. పొడిగా ఉన్నంతవరకు ఏ బూటు అయినా ఆగుతుంది. కిందికి దిగేకొద్దీ ముందు నల్లటి చార ఒకటి వస్తుంది, దాని కింద గాలిబుడగలున్న గోధుమరంగు నాచు. కొత్తవాళ్లు నాచుని చూసి భయపడతారు గానీ అసలు ప్రమాదం ఆ నల్ల చారే, ఎందుకంటే అది పాచిలా కనిపించదు, రాయి రంగే అంత అనిపిస్తుంది, కాలు పెట్టాక తెలుస్తుంది. రబ్బరు దాని మీద నూనె మీద జారినట్టు జారుతుంది, వాగుల్లో బాగా పనిచేసే ఫెల్ట్ (ఉన్ని అట్టలాంటి) అడుగు కూడా ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. కార్బైడ్ మొన ఆ పాచి పొరని చీల్చుకుని రాయిని పట్టుకుంటుంది. మొదటి రాత్రే ఆ తేడా ఒంటికి తెలిసింది, అంతవరకు వేళ్లు ముడుచుకుని నడిచే అలవాటు ఉండేది, అది పోయింది. దట్టమైన నాచు మీద మాత్రం తొందరపడకూడదు, అడుగు వేసి, మేకులు రాయిని తాకి కరకరమన్నాకే బరువు వెయ్యాలి.

అంత కిందికి దిగాల్సిన పనేంటి అని అడిగేవాళ్లు ఉంటారు. స్ట్రైపర్ ఉండేదే తెల్లటి నురగలో. అల రాయికి కొట్టుకుని విరిగే చోట చిన్న చేపలు అదుపు తప్పి కొట్టుకుపోతుంటాయి, వెడల్పు తోక ఉన్న ఈ చేపకి ఆ నీళ్లలో నిలబడటం కష్టం కాదు. ఔన్సున్నర బక్‌టెయిల్ జిగ్ (బరువు తల, జింక తోక వెంట్రుకలు ఉండే కృత్రిమ ఎర) విసరడం పైనుంచి కూడా విసరొచ్చు. పడ్డ చేపని తేవడానికే దిగాలి. దానికితోడు ఇప్పుడున్న రూల్ ప్రకారం 28 నుంచి 31 అంగుళాల మధ్య ఉన్న చేప రోజుకి ఒక్కటే ఉంచుకోవాలి, అంతకంటే పెద్దదైనా చిన్నదైనా వదిలెయ్యాలి. పది అడుగుల ఎత్తు నుంచి విసిరేస్తే వదిలినట్టు కాదు కదా.

అక్టోబర్‌లో ఒక రాత్రి 38 అంగుళాలది పడింది. అల వచ్చినప్పుడు దాన్ని రాతి మీదికి జారనిచ్చి, అల వెనక్కి పోగానే నల్ల చార దాకా దిగి దవడ పట్టుకున్నాను, తర్వాతి అల వచ్చేసరికి కొక్కెం తీసేశాను. ఆ సైజు చేపలు దాదాపు అన్నీ ఆడవే, వసంతంలో చెసపీక్ బేకి, హడ్సన్ నదికి వెళ్లి గుడ్లు పెట్టేవి. తల నీళ్లలో ఉంచి పట్టుకున్నాను, కాసేపటికి తోక ఒక్క విదిలింపు విదిలించి వెళ్లిపోయింది. ఆ రెండు నిమిషాలు కాళ్ల గురించి ఆలోచనే రాలేదు. వీటికి పెట్టిన డబ్బు నాకు అక్కడే తీరిపోయింది.

ఇక్కడో చిన్న సంగతి. మసాచుసెట్స్‌లోని కటీహంక్ దీవిలో 1864లో న్యూయార్క్ ధనవంతులు కొందరు బాస్ క్లబ్ పెట్టుకున్నారు. ఒడ్డు నుంచి రాళ్ల మీదుగా చెక్క వంతెనలు వేసి, వాటి చివర నిలబడి లాబ్‌స్టర్ తోకలు ఎరగా వేసి ఈ చేపనే పట్టేవాళ్లు. జారే రాయి మీద కాలు పెట్టకుండా ఉండటానికి అంత ఏర్పాటు. నాచు మీద నిలబడిన ప్రతిసారీ నాకు ఆ వంతెనలే గుర్తొస్తాయి.

ఇక లోపాలు. పెద్దది పట్టీలదే. గవ్వపురుగులు అంటుకున్న రాళ్లు రంపాల్లా ఉంటాయి, ఆగస్టుకల్లా కుడికాలి పట్టీ సగం తెగింది, సెప్టెంబర్‌లో ఒక రాత్రి నీటి అంచున ఉండగానే వదులై అట్ట పక్కకి తిరిగింది. నిజంగా భయమేసింది. కూర్చుని, చేతులతో పాకుతూ పైకి వచ్చాను. ప్రాణం నిలబెట్టాల్సిన వస్తువుకి అంత పలచటి పట్టీ పెట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. ఇప్పుడు పైనుంచి గట్టి నైలాన్ పట్టీ ఇంకోటి చుడుతున్నాను. బకిల్ దగ్గరి రివెట్లు మంచినీళ్లతో కడిగినా తుప్పు పట్టాయి. మేకులు రెండు ఊడిపోయాయి, నాలుగు అరిగాయి, అయితే చిన్న రెంచ్‌తో కొత్తవి బిగించుకోవచ్చు, అది మెచ్చుకోవాలి. పొడి గ్రానైట్ మీద ఇవి పట్టవు, ఏటవాలుగా ఉంటే జారుతాయి కూడా, అందుకే కార్ దగ్గర కాకుండా రాళ్లు తడిగా మారే చోట కూర్చుని కట్టుకోండి. జేమ్స్‌టౌన్‌లో బీవర్‌టెయిల్ రాయి పలకలు పలకలుగా ఉంటుంది, అక్కడ మేకులు ఇంకా బాగా దిగుతాయి గానీ పలక అంచు ఊడి రావచ్చు, చూసుకోవాలి.

ఒక్కమాట గట్టిగా చెప్పాలి, ఇవి జారకుండా ఆపుతాయే తప్ప అలని ఆపవు. హేజర్డ్ ఎవెన్యూ రాళ్ల మీద నుంచి మనుషులు కొట్టుకుపోయారు. ఎక్కడో దూరంగా తుఫాను ఉన్న రోజుల్లో పది నిమిషాలు ప్రశాంతంగా ఉండి, ఉన్నట్టుండి నాలుగు పెద్ద అలలు వరసగా వస్తాయి. నిలబడబోయే రాయిని పావుగంట చూడండి, ఆ పావుగంటలో ఒక్కసారి తడిసినా అక్కడికి దిగొద్దు. వేడర్ బెల్టు, లైఫ్ వెస్టు లేకుండా రావొద్దు, ఒంటరిగా అసలే వద్దు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏం కొనాలని అడిగితే నా వరస ఇది: ఇక్కడ ఉండేవాళ్లకి 7 డాలర్ల లైసెన్స్, తర్వాత ఇలాంటి స్పైకులు, తలకి లైటు, ఆ తర్వాతే రాడ్, రీల్. మధ్యరకం రీల్‌కి కూడా ఇవే చేపలు పడతాయి. సైజు మీ చెప్పుల నంబర్ చూసి కొనకండి, వేడర్ బూటు చాలా పెద్దగా ఉంటుంది, ఆ బూట్లు షాపుకి తీసుకెళ్లి తొడిగి చూసుకోండి. నేను మొదట చిన్నవి తెప్పించుకుని వెనక్కి పంపాను. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, పట్టీలు మార్చేస్తే ఐదు.