లోన్ మీద 82 లక్షలా, సొంత డబ్బుతో 79 లక్షలా?

కూకట్‌పల్లిలో ఫ్లాట్ అమ్మకానికి పెడితే ఒకే వారంలో రెండు బేరాలు వచ్చాయనుకుందాం. ఒకాయన బ్యాంకు లోన్‌తో 82 లక్షలిస్తానన్నారు. ఇంకొకాయన దగ్గర ప్లాటు అమ్మిన డబ్బు ఖాతాలోనే ఉంది. 79కి ఒప్పుకుంటే నెలలో రిజిస్ట్రేషన్ అంటున్నారు.

పైకి తేడా 3 లక్షలు. కానీ లోన్ బేరంలో చివరి మాట బ్యాంకుది. లింకు డాక్యుమెంట్లు (ఫ్లాటు పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద అప్పులూ, లావాదేవీలూ చూపే పత్రం) చూసి బ్యాంకు లాయరు సరే అనాలి, ఇంజినీరు విలువ కట్టాలి. 80 శాతం లోన్ వచ్చినా 65.6 లక్షలే. మిగతా 16 లక్షల పైచిలుకు, ఆపైన రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆయనే తెచ్చుకోవాలి. బ్యాంకు కట్టిన విలువ 76 దగ్గర ఆగిందంటే లోన్ ఇంకా తగ్గుతుంది. అప్పుడు మొదలవుతుంది, ధర తగ్గించమని "కొంచెం చూసుకోండి సార్" అనే ఫోను! అందుకే లోన్ మంజూరైనట్టు బ్యాంకు ఇచ్చే శాంక్షన్ లెటర్ ఉందా, చేతిలో ఎంతుంది అని ముందే అడగాలి.

సొంత డబ్బు బేరంలో ఈ టెన్షన్ లేదు. అయితే "కొంత క్యాష్ ఇస్తా" అంటే మాత్రం వద్దనండి. 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంతే మొత్తం పెనాల్టీ అమ్మినవాళ్ల మీద పడొచ్చు. కొనేవాళ్లు పన్ను కింద పట్టుకుని కట్టే 1 శాతం టీడీఎస్ రెండు బేరాల్లోనూ ఉన్నదే.

నేనైతే రెండో ఆయన్ని 80కి రమ్మంటాను. ఇంకో బేరం ఉందని చెప్పడంలో తప్పులేదు. ఒకేసారి ఇద్దరి దగ్గరా అడ్వాన్స్ మాత్రం పుచ్చుకోను.