హాల్లో పరుగు, వంటింట్లో నత్తనడక

ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై సిగ్నల్ ఇచ్చే) డబ్బాని ఆరు నెలలుగా వాడుతున్నాం. మోడెం, రౌటర్ రెండూ ఒకదాంట్లోనే ఉండటంతో టీవీ వెనక వైర్ల గోల తగ్గింది. హాల్లో 5 గిగాహెర్ట్జ్ మీద 100 ఎంబీపీఎస్ ప్లానుకి 90 పైనే వస్తోంది. రెండు గోడలు దాటి వంటింట్లోకెళ్తే మాత్రం చతికిలపడుతుంది, అక్కడ 2.4 గిగాహెర్ట్జే గతి.

ఓ రోజు ఎల్‌ఓఎస్ లైటు (ఫైబర్ సిగ్నల్ అందట్లేదని చెప్పేది) ఎర్రగా వెలిగింది. కంగారుగా కంప్లయింట్ ఇవ్వబోతుంటే అసలు సంగతి కనబడింది. అత్తయ్య సోఫా జరిపినప్పుడు పచ్చ మూతి ఉన్న సన్న కేబుల్ సోఫా కాలి కింద మడతపడింది! లోపలుండేది గాజు పోగు కదా, మరీ వంచితే వెలుగు అందదు. మెల్లగా సరిచేశాక నెట్ వచ్చింది.

కరెంటు పోతే ఇదీ ఆరిపోతుంది. 12 వోల్టుల మినీ యూపీఎస్ విడిగా కొనక తప్పలేదు.