పాత ఎక్స్‌పీకి, కొత్త విండోస్‌కి మధ్య ఫైళ్లు: ఏ దారి మేలు?

పాలకొల్లు, భీమవరం, రావులపాలెం వైపు బంధువులు, స్నేహితులు కంప్యూటర్ల గురించి నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇదే. ఇంట్లో పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఉంది. పిల్లల చదువు కోసం కొత్తది కొన్నారు. రెండూ ఒకే రౌటర్‌కి తగిలించి ఉన్నాయి. అయినా దీని ఫోల్డర్ దానికి కనిపించదు. షేర్ ఫోల్డర్‌తోనే కుస్తీ పట్టాలా, ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే మరో పద్ధతి) పెట్టుకోవాలా, లేక పెన్‌డ్రైవ్‌తోనే కాలక్షేపం చేయాలా?

పాతదాన్ని పారేయమనే సలహా మాత్రం నేను ఇవ్వను. ముందు గదిలో శుభలేఖలు కంపోజ్ చేసుకునేవారికి అచ్చు పేజీలు తీర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు, ఏళ్ల తరబడి దాచుకున్న మ్యాటర్ అంతా అందులోనే ఉంటుంది. రొయ్యల చెరువు మేత లెక్కలు రాసుకునే పాత ప్రోగ్రాం ఎక్స్‌పీలో తప్ప నడవని ఇళ్లూ నాకు తెలుసు.

మీ పాత కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 7 అయితే ఇంత చర్చ అక్కర్లేదు. విండోస్ 7, 10 ఒకదానితో ఒకటి హాయిగా మాట్లాడుకుంటాయి. కుదరలేదంటే కారణం సాధారణంగా రెండిట్లో ఒకటి: నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’ అని పెట్టి ఉంటారు, లేదా యూజర్‌కి పాస్‌వర్డ్ లేదు. ఖాళీ పాస్‌వర్డ్‌తో నెట్‌వర్క్ మీదుగా వస్తే విండోస్ లోపలికి రానివ్వదు. ఇంట్లో కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి విండోస్‌లో ఉండే హోమ్‌గ్రూప్ కోసం వెతక్కండి. విండోస్ 10లో 2018 నుంచే దాన్ని తీసేశారు.

అసలు చిక్కు ఎక్స్‌పీతోనే. ఫైళ్లు పంచుకోవడానికి దానికి తెలిసిన భాష ఎస్ఎంబీ 1 ఒక్కటే. 2017 అక్టోబరులో వచ్చిన 1709 వెర్షన్ నుంచి, కొత్తగా ఎక్కించిన విండోస్ 10లో ఆ భాషలో ఫోల్డర్ పంచే భాగం ఉండదు; వెళ్లి తెచ్చుకునే భాగం కొన్ని ఎడిషన్లలో ఉన్నా, వాడకపోతే పోతుంది. కారణం ఉంది. అదే ఏడాది మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ఎస్ఎంబీ 1లోని లోపం గుండానే ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి.

అందుకే ఈ దారుల్లో ఏది మేలో తేల్చేది వేగమూ కాదు, సులువూ కాదు. ఏ కంప్యూటర్ మీద ఫోల్డర్ పంచుతున్నారు, దాని దగ్గరికి ఏది వెళ్లి తెచ్చుకుంటోంది అన్నదే నా దృష్టిలో అసలు సంగతి. తూము ఏ చేనుకి తీస్తే ఆ చేనే మునుగుతుంది. పంచే కంప్యూటరే బయటివారికి తలుపు తీసి కూర్చుంటుంది. బ్యాంకు పనులు, పిల్లల సర్టిఫికెట్లు ఉన్న కొత్త కంప్యూటర్ ఆ పాత భాషలో తలుపు తీయకూడదు.

నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు ‘విండోస్ ఫీచర్స్’లోకి వెళ్లి ఎస్ఎంబీ 1 పక్కన టిక్ పెట్టేయమంటాయి. టిక్ పెట్టే ముందు పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి చూడండి. లోపల మూడు పెట్టెలు ఉంటాయి: ఆటోమేటిక్ రిమూవల్, క్లయింట్, సర్వర్. క్లయింట్ అంటే వెళ్లి తెచ్చుకునేది, సర్వర్ అంటే తలుపు తీసేది. క్లయింట్‌కి మాత్రమే టిక్ పెట్టి, మిగతా రెండూ ఖాళీగా వదిలేయండి. పంచే ఫోల్డర్ ఎక్స్‌పీ మీద ఉంచండి.

ఆ ఆటోమేటిక్ రిమూవల్ సంగతి చాలామందికి తెలియదు. కంప్యూటర్ నడిచిన సమయం లెక్కన 15 రోజులపాటు ఎస్ఎంబీ 1ని ఎవరూ వాడకపోతే విండోస్ 10 దానంతట అదే దాన్ని తీసేస్తుంది. మా బాబాయ్ ఫోన్ చేసి, “ఒరేయ్ అబ్బాయ్, మొన్నటిదాకా బాగానే పనిచేసింది, నేనేమీ ముట్టుకోలేదురా” అన్నారు. నిజంగానే ముట్టుకోలేదు. మూఢం రోజుల్లో పెళ్లిళ్లు లేవు, శుభలేఖల పని లేదు, ఆ ఫోల్డర్ తెరిచినవారు లేరు.

ఇక ఎక్స్‌పీ వైపు పని. దానికి రౌటర్ ఇచ్చే చిరునామా కాకుండా, రౌటర్ ఎవరికీ పంచని స్థిరమైన చిరునామా ఒకటి ఇవ్వండి. ఉదాహరణకు 192.168.1.220, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. డీఫాల్ట్ గేట్‌వే గడి మాత్రం ఖాళీగా వదిలేయండి. అప్పుడు అది ఇంట్లోవాటితో మాట్లాడుతుంది గానీ ఇంటర్నెట్ గడప దాటదు. 2014 ఏప్రిల్‌లోనే మైక్రోసాఫ్ట్ చేతులు దులుపుకున్న విండోస్ అది, దానికి ఇంటర్నెట్ ఎందుకు? ఇంట్లోనే మరో ల్యాప్‌టాప్‌కి వైరస్ తగిలితే అన్న భయం మిగులుతుంది. అందుకు వన్నాక్రై తర్వాత మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీ కోసం ప్రత్యేకంగా విడుదల చేసిన, ఆ లోపాన్ని పూడ్చే ప్యాచ్‌ను పెన్‌డ్రైవ్‌తో తెచ్చి ఎక్కించండి. ఎక్స్‌పీ ప్రొఫెషనల్ అయితే ఫోల్డర్ ఆప్షన్స్‌లో ‘సింపుల్ ఫైల్ షేరింగ్’ తీసేసి, పాస్‌వర్డ్ ఉన్న యూజర్ ఒకరిని పెట్టండి. హోమ్ ఎడిషన్‌లో ఆ అవకాశం లేదు, వచ్చినవారందరినీ గెస్ట్‌గానే లోపలికి పంపుతుంది.

కొత్త కంప్యూటర్‌లో ‘నెట్‌వర్క్’ తెరిచి ఎక్స్‌పీ పేరు కోసం ఎదురు చూడకండి, వస్తుందన్న భరోసా లేదు. అడ్రస్ బార్‌లో \\192.168.1.220 అని కొట్టి, వచ్చిన ఫోల్డర్‌ను ఒక డ్రైవ్‌గా మ్యాప్ చేసుకోండి, అంటే సీ, డీ డ్రైవ్‌ల్లా ఒక అక్షరంతో కనిపించేలా పెట్టుకోండి. ఇంకో లాభం కూడా ఉంది. పేజ్‌మేకర్ ఫైళ్లు, వాటికి లింకు చేసిన ఫొటోలు ఎక్స్‌పీలో ఉన్నచోటే ఉంటాయి. ఆ ముసలి హార్డ్ డిస్క్ ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, కొత్త కంప్యూటరే వెళ్లి వాటి నకలు తెచ్చుకుంటూ ఉంటుంది.

ఎఫ్‌టీపీ దీనికి తిరగేసిన పద్ధతి. కొత్త కంప్యూటర్‌లో ఫైల్‌జిల్లా సర్వర్ లాంటిది నడిపి, ఎక్స్‌పీలో మై కంప్యూటర్ అడ్రస్ బార్ నుంచే దాన్ని తెరుస్తారు. తలుపు తీసేది కొత్తదే అయినా, ఎస్ఎంబీ 1 ఎక్కడా అవసరం లేదు. అది మంచి సంగతే. చిరాకులు మాత్రం ఉన్నాయి. లాగిన్ అవుతుంది, ఫైళ్ల జాబితా మాత్రం రాదు. ఫైర్‌వాల్‌లో పోర్ట్ 21 ఒక్కటే తెరిచి, జాబితా, ఫైళ్లు వచ్చే పాసివ్ పోర్టులు తెరవకపోవడమే దానికి కారణం. తెలుగు లిపిలో పెట్టిన ఫైలు పేర్లు ఎక్స్‌పీ తెర మీద పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. ఉన్నచోటే ఫైలు తెరిచి దిద్దడం కుదరదు, తెచ్చుకోవాలి, దిద్దాలి, మళ్లీ పంపాలి. ఆ తిరుగుడులో ఏది తాజా ప్రతో మర్చిపోతారు, శుభలేఖలో పాత ముహూర్తం అచ్చయిపోతుంది. ఎక్స్‌పీ చేసే ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా వెళ్తుంది కాబట్టి, దానికి వేరే యూజర్, వేరే పాస్‌వర్డ్ పెట్టండి.

అయితే మీ కొత్తది విండోస్ 11 ప్రో 24హెచ్2 అయితే నేను కూడా ఎఫ్‌టీపీ వైపే మొగ్గుతాను. 2024లో వచ్చిన ఆ వెర్షన్ ప్రతి షేర్ దగ్గరా డిజిటల్ సంతకం (వచ్చే డేటాను దారిలో ఎవరూ మార్చలేదన్న రుజువు) అడుగుతుంది, గెస్ట్‌గా వెళ్లడానికి ఒప్పుకోదు. ఎక్స్‌పీ కోసం ఆ రక్షణలన్నీ ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోవడం నాకు నచ్చదు. విండోస్ 10 ఉన్నవారికి మాత్రం నా ఓటు ఎక్స్‌పీ మీది షేర్ ఫోల్డర్‌కే.

మధ్యలో లినక్స్ ఎక్కించిన మూడో కంప్యూటర్ పెట్టి, విండోస్‌తో ఫైళ్లు పంచుకునే సాంబా అనే ప్రోగ్రాంతో పాత, కొత్త భాషలు రెండూ మాట్లాడించవచ్చు. సాంకేతికంగా శుభ్రమైన దారి అదే. కానీ 2019లో వచ్చిన 4.11 నుంచి సాంబా కూడా ఎస్ఎంబీ 1ని ఆపేసి వస్తోంది, సెట్టింగుల ఫైలులో కనీస ప్రోటోకాల్‌ను ఎన్‌టీ1కి (ఎస్ఎంబీ 1కి అక్కడి పేరు) దించాలి. పైగా కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టర్ మీద ఇంకో పెట్టె. ఇళ్లకు అంత హంగు అక్కర్లేదు.

ఏ దారి పట్టినా వైర్‌లెస్ కన్నా కేబుల్ మేలు. పాత 100 మెగాబిట్ కార్డు మీద కూడా సెకనుకు 11 మెగాబైట్లు వస్తాయి, 8 జీబీ పెళ్లి ఫొటోలు పన్నెండు నిమిషాల్లో చేరిపోతాయి. పాత 54 మెగాబిట్ వైఫై మీద అదే పని దాదాపు గంట పడుతుంది. వైఫై తప్పదంటే రౌటర్‌లో ‘ఐసొలేషన్’ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. అది ఆన్‌లో ఉంటే వైఫై మీద ఉన్నవి ఒకదానికొకటి కనిపించవు. పెంకుటింటి నుంచి పక్క డాబాకి కేబుల్ లాగినవారు ఈదురుగాలుల వాన మొదలవగానే రెండు చివరలూ పీకేయాలి. పిడుగు దగ్గర్లో పడినా చాలు, ఆ తీగ గుండా వచ్చి ల్యాన్ పోర్ట్ కాలిపోతుంది.

పెన్‌డ్రైవ్ అప్పుడప్పుడూ ఒకటీ అరా ఫైలుకి సరే. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు, ఎన్‌టీఎఫ్ఎస్ చేసుకోండి. ఊళ్లో పది కంప్యూటర్లు తిరిగిన పెన్‌డ్రైవ్ అయితే షార్ట్‌కట్ వైరస్ కూడా వెంట వస్తుంది. క్లౌడ్ మాట ఎత్తకండి, ఎక్స్‌పీలోని పాత బ్రౌజర్‌లో ఆ సైట్లు తెరుచుకోవు.