కెల్డిష్, లవ్రెంత్యెవ్: రెండు దారులు

గణితవేత్త మ్‌స్తిస్లావ్ కెల్డిష్, ఆయనకు మార్గదర్శి అయిన మిఖాయిల్ లవ్రెంత్యెవ్ ఇద్దరూ సోవియట్ విమాన పరిశోధన సంస్థలో పనిచేసినవారే. విమానం నేలమీద పరుగెత్తేటప్పుడు ముందుచక్రం అదుపుతప్పి అటూ ఇటూ ఊగిపోయే ‘షిమ్మీ’ లోపాన్ని సమీకరణాలతో విప్పిచెప్పిన కెల్డిష్, అంతరిక్ష కార్యక్రమానికి పత్రికలు పేరు చెప్పకుండా ప్రస్తావించిన ‘ప్రధాన సిద్ధాంతకర్త’గా ఉంటూనే, 1961 నుంచి 1975 దాకా మాస్కోలో సైన్స్ అకాడమీకి అధ్యక్షత వహించారు. లవ్రెంత్యెవ్ మాత్రం, అప్పటికే యాభై ఆరేళ్లవాడై ఉండి కూడా, 1957లో అకాడమీ సైబీరియా శాఖ స్థాపనకు పూనుకుని, నొవొసిబీర్స్క్ సమీపంలోని అడవిలో అకడెమ్‌గొరొదోక్ అనే శాస్త్రనగరాన్ని నిలబెట్టారు. కెల్డిష్ చేతిలోని అధికారం నిస్సందేహంగా పెద్దది. అయినా నాకు లవ్రెంత్యెవ్ దారే కష్టతరమనిపిస్తుంది. ఒలింపియాడ్‌లలో నెగ్గిన సైబీరియా పిల్లల కోసం అక్కడ 1963లో భౌతిక, గణితశాస్త్రాల ప్రత్యేక పాఠశాల కూడా తెరుచుకుంది.