డబ్బా మీద 550, పని దగ్గర 40: పాత డెస్క్‌టాప్‌లో మూడున్నరేళ్ల ఎస్ఎస్‌డీ వాడకం

ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, తిరిగే భాగాలు లేని చిప్‌ల డ్రైవ్) డబ్బా మీద సెకనుకు 550 ఎంబీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు ఆ అంకెను పట్టించుకోనక్కర్లేదు. నా డెస్క్‌టాప్‌లోది హెచ్61 అనే పాత రకం మదర్‌బోర్డు. డ్రైవ్‌లు తగిలించడానికి అందులో ఉన్న నాలుగు సాటా పోర్టులూ సెకనుకు 3 గిగాబిట్లవే. ఎంత ఖరీదైన డ్రైవ్ పెట్టినా 270, 280 దగ్గర ఆగిపోతుంది. అసలు చూడాల్సిన అంకె వేరే ఉంది, అది చాలా డబ్బాల మీద కనిపించదు: కాష్ (డ్రైవ్ ముందుగా గబగబా రాసుకునే తాత్కాలిక చోటు) నిండిపోయాక రాసే వేగం ఎంత? నా కోపమంతా దాని మీదే.

మెషీన్ కోర్ ఐ3-2120, 8 జీబీ డీడీఆర్3, విండోస్ 10. ముందు రెండేళ్లు డీర్యామ్ (డ్రైవ్‌కు సొంతంగా ఉండే చిన్న మెమరీ చిప్) లేని 240 జీబీ చవక డ్రైవ్, తర్వాత ఏడాదిన్నరగా డీర్యామ్ ఉన్న 500 జీబీ టీఎల్‌సీ (ఒక్కో మెమరీ గడిలో, అంటే సెల్‌లో, మూడు బిట్లు దాచే రకం) డ్రైవ్. మొదటిదాని పేరు చెప్పి లాభం లేదు. ఆ ధరలో ఒకే మోడల్ నంబర్ కింద లోపలి చిప్‌లు మారిపోతుంటాయి. నాకు దొరికిందే మీకూ దొరుకుతుందని లేదు.

పెట్టిన రోజు మాత్రం పండగే. హార్డ్ డిస్క్ మీద 1 నిమిషం 50 సెకన్లు పట్టే బూట్ 25 సెకన్లకు వచ్చింది. అడిగినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని ఇదే కొనండి" అని చెప్పాను. ఆ మాట అన్నప్పుడు డ్రైవ్ సగానికి పైగా ఖాళీగా ఉందన్న సంగతి తర్వాత గానీ తట్టలేదు.

240 జీబీ డ్రైవ్ విండోస్‌లో 223 జీబీగా కనిపిస్తుంది. అందులో 160 నిండి, 63 మిగిలి ఉన్నప్పుడు హార్డ్ డిస్క్ నుంచి 38 జీబీ పెళ్లి వీడియోలు కాపీ పెట్టాను. మొదటి 11 జీబీ సెకనుకు 110 ఎంబీ చొప్పున, అంటే హార్డ్ డిస్క్ ఎంత ఇవ్వగలదో అంతా, సాఫీగా వెళ్లింది. అక్కడ గ్రాఫ్ గోడ మీంచి పడ్డట్టు పడింది. 40, 35, కొన్ని సెకన్లు సున్నా, మళ్లీ 50. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం. మౌస్ కదులుతుంది, స్టార్ట్ మెనూ మాత్రం తెరుచుకోదు. హార్డ్ డిస్క్ నుంచి హార్డ్ డిస్క్‌కే అయితే ఆరు నిమిషాల్లో అయ్యే పనికి 13 నిమిషాలు పట్టింది. పాతదాని కంటే నెమ్మదిగా రాసే కొత్త డ్రైవ్!

డ్రైవ్ చెడిపోలేదు, అది కట్టిన తీరే అంత. టీఎల్‌సీలో ఒక్కో సెల్‌లో మూడు బిట్లు పడతాయి, కానీ మూడు బిట్లు రాయడం నెమ్మది. అందుకని కంట్రోలర్ (డ్రైవ్‌ను నడిపే చిప్) ఖాళీ సెల్‌లలో ముందు ఒక్కో బిట్ మాత్రమే గబగబా రాసి పెట్టుకుని, తీరిక దొరికినప్పుడు మూడేసి బిట్లుగా సర్దుతుంది. ఈ తాత్కాలిక చోటే ఎస్ఎల్‌సీ కాష్. 63 జీబీ ఖాళీ ఉంటే కాష్ మహా అయితే అందులో మూడో వంతు, 21 జీబీ. కంపెనీ పెట్టిన పరిమితి, ఇంకా సర్దని పాత డేటా పోను నాకు దక్కింది 11. డ్రైవ్ నిండేకొద్దీ ఇదీ తగ్గుతుంది. కాష్ అయిపోయాక కంట్రోలర్ ఒక చేత్తో పాతది సర్దుతూ ఇంకో చేత్తో కొత్తది రాయాలి.

డీర్యామ్ లేకపోవడం రెండో దెబ్బ. ఏ డేటా ఏ సెల్‌లో ఉందో చెప్పే పట్టిక ప్రతి 1 జీబీకి దాదాపు 1 ఎంబీ ఉంటుంది. 240 జీబీకి 240 ఎంబీ. డీర్యామ్ లేనప్పుడు అందులో కొద్ది ముక్కే కంట్రోలర్ చేతిలో ఉంటుంది, మిగతాది ఫ్లాష్ (డేటా ఉండే చిప్‌లు) నుంచే మళ్లీ మళ్లీ చదువుకోవాలి. ఎన్‌వీఎమ్ఈ (సాటా కంటే వేగమైన కొత్త రకం) డ్రైవ్‌లైతే కంప్యూటర్ ర్యామ్‌లోంచి కాస్త చోటు అరువు తెచ్చుకుంటాయి. సాటాలో ఆ వసతి లేదు. "డీర్యామ్ లేకపోయినా ఇప్పుడు ఫర్వాలేదు" అనే సలహా ఎన్‌వీఎమ్ఈ వాళ్లది, దాన్ని సాటాకి అతికించొద్దు. పోనీ ఎన్‌వీఎమ్ఈనే అడాప్టర్ మీద పెడదామంటే, హెచ్61 కాలం బయోస్‌లు (మెషీన్ మొదలవ్వగానే నడిచే బోర్డు ప్రోగ్రాం) మామూలుగా దాని నుంచి బూట్ చేయలేవు.

క్రిస్టల్ డిస్క్ మార్క్ అనే వేగం కొలిచే ప్రోగ్రాం పరీక్షలో ఇదేమీ బయటపడదు. అది మామూలుగా 1 జీబీ ఫైల్‌తో పరీక్షిస్తుంది, అదంతా కాష్‌లోనే ముగిసిపోతుంది. డ్రైవ్ 70 శాతం నిండాక, అందులోనే ఉన్న 20 జీబీ ఫైల్‌ను అదే డ్రైవ్‌లో ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేసి గ్రాఫ్ చూడండి. తిరిగి ఇచ్చే గడువు దాటకముందే చేయాలి.

500 జీబీ డ్రైవ్‌లో అదే 38 జీబీ చివరిదాకా 110 దగ్గరే సాగింది. అయితే బూట్ 25 నుంచి 23 సెకన్లకు తగ్గిందంతే. బ్రౌజర్, వర్డ్, ట్యాలీ తెరుచుకోవడంలో తేడా చెప్పలేను. అంటే రాసే పని లేనివాళ్లకు నా గొడవంతా అనవసరం.

కొనేటప్పుడు క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు, రాయడం ఇంకా నెమ్మది) అన్న మాట ఉందేమో కూడా చూసుకోండి. శామ్‌సంగ్ 870 క్యూవీవో 1 టీబీకి కాష్ 42 జీబీ అనీ, అది దాటాక సెకనుకు 80 ఎంబీ అనీ కంపెనీయే తన వివరాల్లో రాసింది. అంత నిజాయతీ అందరికీ ఉంటే బాగుండు. టీబీడబ్ల్యూ (మొత్తం ఎన్ని టీబీలు రాయొచ్చన్న కంపెనీ హామీ) గురించి మాత్రం జనం ఊరికే బెంగపడతారు. రోజుకు 12 జీబీ చొప్పున రెండేళ్లలో నేను రాసింది 9 టీబీ కూడా లేదు. 240 జీబీ చవక డ్రైవ్‌లకే 80 టీబీ దాకా హామీ ఇస్తారు. క్రూషియల్ ఎమ్ఎక్స్500 500 జీబీకి 180 టీబీ, శామ్‌సంగ్ 870 ఈవో 500 జీబీకి 300 టీబీ.

డ్రైవ్ తప్పు కాకపోయినా డ్రైవ్ మీదకే వచ్చే నిందలు రెండున్నాయి. ఒకటి కేబుల్. పదేళ్ల నాటి, క్లిప్ లేని సాటా కేబుల్ అలాగే ఉంచేస్తే అప్పుడప్పుడూ అర నిమిషం బిగుసుకుపోతుంది. డ్రైవ్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రాంలో సీ7 వరుస, అంటే సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో డేటా చెడిన సందర్భాల) లెక్క, చూడండి. వారంలో పెరిగితే ముందు కేబుల్ మార్చండి. ఆ లెక్క మళ్లీ తగ్గదు, కొత్త కేబుల్‌తో పెరగకుండా ఆగితే చాలు. రెండోది బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ బిళ్ల. అది నీరసపడితే కరెంటు పోయినప్పుడు బయోస్ సెట్టింగులు చెరిగిపోతాయి. కొన్ని పాత బోర్డుల్లో సాటా మోడ్ (బోర్డు డ్రైవ్‌తో మాట్లాడే తీరు) ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి వెళ్లిపోయి, విండోస్ నీలి తెరతో బూట్ డివైస్ అందడం లేదంటుంది. ఎస్ఎస్‌డీ పోయిందని వారంటీకి పరిగెత్తకముందు బయోస్‌లో గడియారం చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే దోషి ఆ బిళ్లే.

బిగించేటప్పుడు హార్డ్ డిస్క్ మరలు ఎస్ఎస్‌డీకి వాడకండి. దీనికి సన్న మరలు, ఎం3 సైజు, కావాలి. లావువి బలవంతంగా తిప్పితే మర అరిగిపోతుంది. సాటా పవర్ పిన్ను చాలకపోతే ఎవరూ వాడని డీవీడీ రైటర్‌ది పీకి పెట్టండి. మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల పవర్ ప్లగ్) నుంచి సాటాకు మార్చే అడాప్టర్ల జోలికి, ముఖ్యంగా ప్లాస్టిక్‌ను కరిగించి ఒకే ముద్దగా పోత పోసినవాటి జోలికి వెళ్లొద్దు. లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిన సందర్భాలున్నాయి.

కొనమంటానా? ఫోటోలు, వీడియోలు, వర్చువల్ మెషీన్లు ఉంటే డీర్యామ్ ఉన్న 500 జీబీ టీఎల్‌సీ. బిల్లులు, బ్రౌజింగ్ మాత్రమే అయితే చవకదే తీసుకుని, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఓ 25 జీబీ పార్టిషన్ చేయకుండా వదిలేసి, ఎప్పుడూ పాతిక శాతం ఖాళీ ఉంచండి. 1 టీబీకి మాత్రం నేను వెళ్లలేదు. ఈ ప్రాసెసర్‌ను విండోస్ 11 ఒప్పుకోదు, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇంకో రెండేళ్లు లాగుదామని నా లెక్క. మీకు ట్యాలీ తప్పనిసరైతే ఆ లెక్క కుదరదు.

ఆ 240 జీబీ డ్రైవ్ ఇప్పుడు యూఎస్‌బీ డబ్బాలో టీవీ వెనక ఉంది. సినిమాలు ఒకసారి రాసి నెలల తరబడి చదవడమే దాని పని. చదవడంలో దాని మీద ఇప్పటికీ నాకు ఒక్క ఫిర్యాదూ లేదు.